కాలేయం కథ కడుపులోనే మొదలు

హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మంది కాలేయాల్లో కొవ్వు పేరుకుపోయి ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 2025లో ఈ లెక్క బయటపెట్టగానే అందరి వేళ్లూ బిర్యానీ మీదికి, నైట్ షిఫ్టు మీదికి వెళ్లాయి. తిండి తగ్గించండి, నడవండి అన్నారు. మంచి సలహాయే. కానీ ఒకే క్యాంటీన్‌లో తిని, ఒకేలా కూర్చునే ఇద్దరిలో ఒకరి కాలేయమే ఎందుకు పాడవుతోంది?

జవాబు కొంత జన్యువుల్లో ఉంది, ఇంకొంత వాటిపై పడే రసాయన ముద్రల్లో ఉంది. ఎపిజెనెటిక్స్ చదివేది ఈ ముద్రలనే. డీఎన్ఏ మారదు, కానీ దాని మీద మిథైల్ అనే చిన్న రసాయన ముద్ర పడితే చాలాసార్లు ఆ జన్యువు స్టవ్ మీద మంట తగ్గించినట్టు నెమ్మదిస్తుంది. ఆ మిథైల్‌ను అందించే పదార్థం ఎక్కువగా తయారయ్యేది కాలేయంలోనే. అందుకు ఫోలేట్, బి12 విటమిన్ కావాలి. మద్యం ఈ సరఫరాకే గండి కొడుతుంది. ఈ ముద్రల్లో కొన్ని తల్లి కడుపులో ఉండగానే పడొచ్చు.

పుణె దగ్గరి గ్రామాల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 1993 నుంచి తల్లులనూ బిడ్డలనూ గమనిస్తోంది. అక్కడి పసికందులు బ్రిటన్ పిల్లల కన్నా బరువు తక్కువ, బరువుతో పోలిస్తే కొవ్వు మాత్రం ఎక్కువ. గర్భంలో ఉండగా తల్లికి బి12 తక్కువగా, ఫోలేట్ ఎక్కువగా ఉన్న పిల్లల్లో ఆరేళ్లకే ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదు. కాలేయంలో కొవ్వు చేరే ఫ్యాటీ లివర్‌కు తలుపు తెరిచేది ఇన్సులిన్ పనితీరులోని ఈ లోపమే. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో తల్లి ఎలుకలకు ఈ విటమిన్లు తగ్గిస్తే పిల్ల ఎలుకలకు కొవ్వు పట్టింది. ఎలుక మనిషి కాదు, నిజమే. అంతా ముద్రల వల్లేనని తేల్చేయడమూ తొందరపాటే. అయినా చేతులు కట్టుకుని కూర్చోవడానికి అది సాకు కాకూడదు.

గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ (ఫోలేట్ మాత్ర రూపం) ఉంటాయి. బి12 ఉండదు. ఆ మాత్ర మానమని మేం అనడం లేదు, తల్లికి రక్తం పట్టాలంటే అది వేసుకోవాల్సిందే. కానీ బి12 ఆకుకూరల్లో దొరకదు. పాలు, గుడ్డు, చేప అందని ఇంట్లో అది ఎక్కడి నుంచి వస్తుంది? అంగన్‌వాడీల్లో గర్భిణులకు పెట్టే తెలంగాణ ఆరోగ్యలక్ష్మి భోజనంలో గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టాలన్న నిబంధన విలువ ఇక్కడే తెలుస్తుంది. బిల్లులు రాలేదని అంగన్‌వాడీలో గుడ్డు ఆగితే దాని లెక్క ముప్పై ఏళ్ల తర్వాత ఆ బిడ్డ కాలేయంలో తేలొచ్చు.

ఇదంతా విని కోడలి కంచం మీద నిఘా పెట్టే అత్తలు బయల్దేరతారేమోనన్న భయమూ మాకుంది. తల్లిని దోషిని చేయడానికి ఈ సైన్సును వాడుకోకూడదు. పైగా ఇది తలరాత కూడా కాదు: ఊబకాయ శస్త్రచికిత్సతో బరువు తగ్గినవారి కాలేయాల్లో కొన్ని మిథైల్ ముద్రలు వెనక్కి మళ్లినట్టు జర్మనీ పరిశోధకులు 2013లోనే చూపారు.

ఫ్యాటీ లివర్‌ను కేంద్రం 2021లో అసంక్రమిత (అంటుకోని) వ్యాధుల కార్యక్రమంలో చేర్చింది. ఆ కార్యక్రమం ప్రధానంగా ముప్పై దాటినవారినే పరీక్షిస్తుంది, కథ మొదలయ్యేది మాత్రం తల్లి కడుపులో. గర్భిణుల రక్తపరీక్షల్లో బి12ను చేర్చడం, లోపం ఉన్నవారికి ఐరన్ మాత్రతో పాటే దాన్నీ ఇవ్వడం రెండు తెలుగు రాష్ట్రాలూ ఒక్కో జిల్లాలోనైనా మొదలుపెట్టాలి.