నాది గ్యాసే!

(రాత్రి పదకొండు. డాక్టరుగారు సోఫాలో కుడిపక్కకి ఒరిగి, స్టెతస్కోపు తన పొట్ట మీదే పెట్టుకుని వింటున్నారు. పక్కన కరెంటు బిల్లు వెనకాల రాసిన మందులచీటీ. పేషెంటు పేరు దగ్గర 'నేను' అని ఉంది.)

ఆవిడ: ఏమంటోందండీ పొట్ట?

ఆయన: గ్యాస్ అంటోంది.

ఆవిడ: పొట్ట అంటోందా, మీరంటున్నారా?

ఆయన: ఇరవై ఏళ్ల ప్రాక్టీసు నాది. ఆమాత్రం తెలీదా?

ఆవిడ: సరే, నొప్పి ఎక్కడ మొదలైంది?

ఆయన: బొడ్డు చుట్టూ.

ఆవిడ: ఇప్పుడో?

ఆయన: కిందికి దిగి కుడిపక్క తిష్ఠ వేసింది.

ఆవిడ: తిండి?

ఆయన: సయించట్లేదు. పొద్దున్నించి వికారం.

ఆవిడ: ఇవే మాటలు మీ పేషెంటు చెబితే?

ఆయన: అపెండిక్స్ ఏమోనని రాత్రికి రాత్రే సర్జన్ దగ్గరికి తరిమేస్తాను.

ఆవిడ: మరి మీరు?

ఆయన: నాది గ్యాసే.

ఆవిడ: మా అమ్మకి దగ్గొచ్చినప్పుడు, సొంతవాళ్లు జబ్బుపడితే వైద్యుడి నిర్ణయం తడబడుతుందని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1847లోనే నియమావళిలో రాసిందని క్లాసు పీకారుగా?

ఆయన: అవును. బెంగతో బుర్ర సరిగ్గా పనిచేయదు.

ఆవిడ: మా అమ్మంటే మీకు బెంగా! ఆ ముక్క నేనూ చదివానండీ. భార్య, బిడ్డ, రక్తసంబంధీకులు అని ఉంది. అత్తగారి ఊసే లేదు. పైగా ఆ వాక్యం మొదలయ్యేదే, జబ్బుపడ్డ వైద్యుడు తన కేసు తాను తేల్చుకోలేడంటూ.

ఆయన: (గొంతు సవరించుకుని) 1961లో అంటార్కిటికాలో రొగోజొవ్ అనే సోవియట్ డాక్టరు తన అపెండిక్స్ తానే కోసి తీసుకున్నాడు, తెలుసా? మెకానిక్ అద్దం పట్టుకున్నాడు. గంటా ముప్పావులో పని పూర్తి!

ఆవిడ: అక్కడ ఆయన తప్ప ఇంకో డాక్టరు లేడు. మీ ఫోన్లో సర్జన్లే ఆరుగురున్నారు. అద్దం పట్టుకునే ఓపిక నాకు లేదు.

ఆయన: అయితే ఒకడికి ఫోన్ చేసి, గ్యాసే కదా అని అడుగుతా.

ఆవిడ: అలా అడిగితే అంతేలే గురూ అంటాడు. పొట్ట నొక్కి చూడడు, కాగితం మీద పెట్టడు. అందరిలాగే క్యాజువాలిటీకి వెళ్లి చీటీ రాయించుకోండి. నొప్పి ఎక్కడో మీరు చెప్పండి, జబ్బు పేరు వాళ్లు చెబుతారు.

ఆయన: (లేవబోయి, 'అబ్బా' అని మళ్లీ కూలబడి) కారు తాళాలు...

ఆవిడ: నా దగ్గరున్నాయి. ఆ మెడలోది తీసి ఇక్కడ పెట్టండి.

(తీశారు. జేబులో కుక్కుకున్నారు. గొట్టం మాత్రం బయటికి వేలాడుతూనే ఉంది.)