సవరణ: ర్యామ్, రూటర్ పోస్టులో మార్చిన వాక్యాలు

పాత ల్యాప్‌టాప్‌కు ర్యామ్ పెంచడం, ఇంట్లో రూటర్ పెట్టుకోవడం గురించిన పోస్టులో "8 జీబీ డీడీఆర్4 స్టిక్ ఏదైనా సరిపోతుంది" అని రాశాను, అది తప్పు. ల్యాప్‌టాప్‌కు పొట్టిగా ఉండే ఎస్ఓ-డిమ్ రకం స్టిక్ కావాలి, డెస్క్‌టాప్ స్టిక్ అందులో పట్టదు. డీడీఆర్4, డీడీఆర్5 అనేవి ర్యామ్ తరాలు. డీడీఆర్5 స్లాట్‌లో డీడీఆర్4 కూర్చోదు, గాడి చోటే వేరు. బలవంతంగా నొక్కితే స్లాట్ పాడవుతుంది. 3200 వేగం ఉన్న స్టిక్ పక్కన 2666 వేగం ఉన్నది పెడితే రెండూ 2666 మీదే నడుస్తాయి, దానికి టెన్షన్ అక్కర్లేదు. కొన్ని సన్న ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది కాబట్టి, హన్మకొండ దుకాణాలకు బయల్దేరే ముందే మీ మోడల్‌కు స్లాట్ ఉందో లేదో చూసుకోండి.

ఇక రూటర్ విషయానికొస్తే, అసలు సంగతి దానికి పెట్టే నెట్ వైరు (లాన్ కేబుల్). "200 ఎంబీపీఎస్ ప్లాన్‌లో 95 దాటకపోతే రూటర్ మార్చండి" అన్న వాక్యం తీసేశాను. పోర్టు 100 ఎంబీపీఎస్‌దైతే మార్చాల్సిందే. కానీ కాజీపేటలో మా బావ వాళ్లింట్లో ఉన్నది గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) రూటరే, స్పీడు మాత్రం 94 దగ్గరే ఆగింది. ప్లగ్గును వెలుతురుకు పెట్టి చూస్తే ఎనిమిది తీగల్లో నాలుగే కొట్టి ఉన్నాయి, మిగతావి కత్తిరించి వెనక్కి మడిచేశారు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. ముందు కొత్త ప్లగ్గు కొట్టించండి. వైరు క్యాట్5ఈ రకమైనా 100 మీటర్ల దాకా గిగాబిట్ ఇస్తుంది. ఇంటికి అక్కర్లేని క్యాట్8 రకం వైరు అంటగట్టబోతే ఒక దండం పెట్టి వచ్చేయండి.