కాంటుగారి మేజోళ్ళకు శాశ్వత కొలువు

రాజుకు మ్యూజియం కట్టడం తేలిక. కత్తి ఉంటుంది, కిరీటం ఉంటుంది. కూర్చుని ఆలోచించడం తప్ప మరో పని పెట్టుకోనివాడికి కట్టాలంటేనే చిక్కు. అందులోనూ జర్మన్ తత్త్వవేత్త ఇమాన్యుయేల్ కాంట్ లాంటివాడికి! 1724లో కోనిగ్స్‌బెర్గ్‌లో పుట్టాడు, 1804లో అక్కడే పోయాడు, మధ్యలో ఆ ఊరున్న తూర్పు ప్రష్యా పొలిమేర దాటిన పాపాన పోలేదు. ఇంట్లో గోడకున్నది ఒకే ఒక్క పటం, అదీ తత్త్వవేత్త రూసోది. ఆ ఇంటిని 1893లో పడగొట్టారు. 1944లో బాంబులు పడి ఊరే పోయింది. 1946లో పేరు కూడా పోయి రష్యావాళ్ళ కలినిన్‌గ్రాద్ అయింది.

ఇన్ని అనుకూలతలున్నాక మ్యూజియం కట్టకుండా ఎలా ఉంటారు? కలినిన్‌గ్రాద్ కెథడ్రల్‌లో, ఆయన సమాధిని ఆనుకునే, ఒకటుంది. జర్మనీవాళ్ళు ల్యూనెబుర్గ్‌లోని తూర్పు ప్రష్యా మ్యూజియంలో ఆయనకు ప్రత్యేకంగా చోటు కేటాయించారు. కాంట్ ఏనాడూ ల్యూనెబుర్గ్ మొహం చూసినవాడు కాదు. అయితే ఏం? డుయిస్‌బుర్గ్‌లో ఉన్న కోనిగ్స్‌బెర్గ్ మ్యూజియం 2016లో మూతపడితే సామానంతా ల్యూనెబుర్గ్‌కు చేరింది. ఎనభై ఏళ్ళు గడప దాటని మనిషి, పోయాక ఇల్లు మారుతూనే ఉన్నాడు.

ఇలాంటి నిర్వాహకులకు ఉచిత సలహాలు ఇవ్వడం పౌరుడిగా నా బాధ్యత.

మొదటి గది మేజోళ్ళకు. నవ్వకండి. మేజోళ్ళు జారకుండా తొడకు పట్టీ బిగిస్తే రక్తప్రసారం ఆగుతుందని కాంట్ భయం. అందుకని జేబు గడియారం పెట్టెంత చిన్న పెట్టెలు రెండు చేయించి, వాటిలో స్ప్రింగు పెట్టి, దానికి చుట్టిన తాడును జేబు చిల్లులోంచి కిందికి దించి, చివర కొక్కేలతో మేజోళ్ళను పట్టి ఉంచేవాడు. ఆయన పేరుమోసిన పుస్తకం ‘శుద్ధ హేతు విమర్శ’ మొదటి ముద్రణ పక్క గదిలో ఉన్నా సరే, జనం గుమిగూడేది ఈ పెట్టె దగ్గరే. నేనూ అక్కడే ఉంటాను.

రెండో గది ఆవాలకు. ఆవముద్ద ఆయన స్వహస్తాలతో నూరుకునేవాడు. పులిహోరకు ఆవ పెట్టే ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఈ ఒక్క విషయంలో కాంట్ పూర్తిగా అర్థమవుతాడు.

మూడోది నౌకరు లాంపెకు. తెల్లవారుజామున ఐదింటికల్లా నిద్ర లేపడం, వాన పడేలా ఉంటే గొడుగు పట్టుకుని వెనకాల నడవడం, ఇలా దాదాపు నలభై ఏళ్ళు చాకిరీ చేశాడు. 1802లో ఆయన్ను పనిలోంచి తీసేసి, “లాంపె అన్న పేరు ఇక పూర్తిగా మరిచిపోవాలి” అని కాంట్ చీటీ రాసి పెట్టుకున్నాడు. మరిచిపోవడానికి రాసుకున్న ఆ చీటీ పుణ్యమా అని లాంపె పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. హేతువు మీద అన్ని వందల పేజీలు రాసినాయన చేసిన పనే ఇది.

నాలుగో గది తాళం వేసి ఉంటుంది. లోపల ఉన్నది ‘తనంత తానుగా ఉన్న వస్తువు’. మనకు కనిపించేది వస్తువు తోచే తీరేగానీ వస్తువు కాదని ఆయనే చెప్పాడు కాబట్టి తలుపు తీసే ప్రసక్తే లేదు. టికెట్ మాత్రం వేరే.

ఇక ఆడియో గైడు. 1784లో రాసిన వ్యాసంలో కాంట్ జనాన్ని ఎద్దేవా చేశాడు: నా బదులు తెలుసుకోవడానికి పుస్తకముంది, నా బదులు పాపపుణ్యాలు చూడటానికి పాస్టరున్నాడు, పథ్యం చూడటానికి డాక్టరున్నాడు, ఇక నాకు శ్రమెందుకు అంటారని. సొంత బుద్ధి వాడటానికి తెగించండన్నాడు. అలాంటివాడి గదుల్లో చెవికి యంత్రం తగిలించి, బాణం గుర్తులు చూపించి, ఎక్కడ ఎంతసేపు అబ్బురపడాలో చెప్పడం బాగుండదు. గైడు ఇవ్వండి, అందులో ఏమీ వినిపించకూడదు. అద్దె మామూలే.

చివర్లో అభిప్రాయాల పుస్తకం. మొదటి పేజీ రష్యా నౌకాదళపు వైస్ అడ్మిరల్‌కు కేటాయించాలి. 2018లో కలినిన్‌గ్రాద్ విమానాశ్రయానికి కాంట్ పేరు పెడదామని ఓట్లు పడుతుంటే, ఆయన నావికులను వరసగా నిలబెట్టి, ఇతగాడు మాతృదేశ ద్రోహి, ఇక్కడున్నవాళ్ళెవరూ చదవని, చదవబోని అర్థంకాని పుస్తకాలు రాశాడు అన్నాడు. ఎవరో విగ్రహం మీద గులాబి రంగు పోశారు. విమానాశ్రయానికి చివరకు పాతకాలపు రష్యా మహారాణి ఎలిజబెత్ పేరు ఖాయమైంది. ప్రొఫెసర్ పదవి ఇప్పించమని 1758లో కాంట్ అర్జీ పెట్టుకున్నదీ, ఆ పదవి దక్కనిదీ, ఊరు కొన్నాళ్ళు రష్యా చేతిలో ఉన్న ఆ రాణి ఏలుబడిలోనే. 2024లో అక్కడి గవర్నరు ఉక్రెయిన్ యుద్ధానికి కూడా కాంటే కారణమన్నట్టు మాట్లాడాడు. వీళ్ళందరిలో పుస్తకం చదవలేదన్న సంగతి దాచుకోనివాడు ఆ అడ్మిరల్ ఒక్కడే. 

పుస్తకం పక్కన కలం పెట్టి, దారంతో బల్లకు కట్టండి. నెత్తిన నక్షత్రాల ఆకాశం, లోపల నైతిక నియమం అని ఆయన రాసింది నిజమే. దారం కాస్త గట్టిది చూడండి.