వహీదా రెహ్మాన్‌ని గురుదత్ ‘కనిపెట్టలేదు’

వహీదా రెహ్మాన్ పేరెత్తితే చాలు, మనవాళ్లు కూడా ‘గురుదత్ కనిపెట్టిన నటి’ అనే మొదలుపెడతారు. గురుదత్ అంటే ఆ నాటి హిందీ దర్శకుడు, నిర్మాత. 2023లో ఆవిడకి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు (2021 సంవత్సరానిది) ప్రకటించినప్పుడూ అదే మాట వినిపించింది. హిందీవాళ్లు అన్నారంటే సరే, వాళ్లకి ఆవిడ కథ బొంబాయిలోనే మొదలవుతుంది. తెలుగువాళ్లం మనం ఎలా అంటాం? బొంబాయి వెళ్లేనాటికే ఆవిడ జనం నోళ్లలో నానుతున్న ఒక పాటలో ఆడిన అమ్మాయి. ఆ పాట మనది.

ఆవిడ 1938లో చెంగల్పట్టులో పుట్టారు. హైదరాబాద్‌లో పుట్టారని చాలాచోట్ల రాస్తుంటారు, అది తప్పు. నాన్నది ప్రభుత్వోద్యోగం, తరచూ బదిలీలు. ఆ తిరుగుళ్లలోనే విశాఖపట్నం కూడా వచ్చింది. అక్క సయీదా, తను కలిసి భరతనాట్యం నేర్చుకున్నారు. ముస్లిం కుటుంబంలోని ఆడపిల్లలు 1940లలో గజ్జె కట్టడం ఎంత సంగతో ఒక్కసారి ఊహించండి. వాళ్ల నాన్న అడ్డు చెప్పలేదు సరికదా, దగ్గరుండి ప్రోత్సహించారు. ఆయన పోయాక ఇల్లు గడవాలి. డాక్టర్ చదవాలన్న కోరిక అక్కడితో ఆగిపోయింది. అప్పుడు వచ్చిందే సారథి వారి ‘రోజులు మారాయి’లో ఒక్క పాట. 1955. నిర్మాత సి.వి.ఆర్. ప్రసాద్, దర్శకుడు తాపీ చాణక్య.

‘ఏరువాక సాగారో’ గురించి తెలుగువాళ్లకి కొత్తగా చెప్పేదేముంది? కొసరాజు రాశారు, మాస్టర్ వేణు బాణీ కట్టారు, జిక్కి పాడారు. ఈసారి మాత్రం ఆ పాటని ధ్వని తీసేసి ఒకసారి చూడండి. పాట లేకపోతే కన్ను నేరుగా నర్తకి మీదికే వెళ్తుంది. అడుగు జానపదం, తేలిగ్గా పడుతుంది. కానీ వెన్ను వంగదు, మెడ తిప్పిన ప్రతిసారీ చూపు ఒకచోట ఠక్కున ఆగుతుంది. ఆ ఆగడం అనేది నట్టువాంగం (గురువు తాళం వేసి నాట్యాన్ని నడిపించడం) ఎదుట ఏళ్లతరబడి సాధన చేస్తేనే వస్తుంది, కెమెరా ముందు అప్పటికప్పుడు నేర్పితే రాదు. తర్వాత హిందీలో ఆవిడ మొహాన్ని అందరూ మెచ్చుకున్నారే, ఆ మొహం వెనకున్న సాధన ఇది.

ఒక్క పాటతో అయిపోలేదు కూడా. అదే ఏడాది ‘జయసింహ’లో ఎన్టీఆర్ పక్కన రాజకుమారిగా చేశారు. గురుదత్ హైదరాబాద్ వచ్చేసరికి ‘రోజులు మారాయి’ విజయోత్సవాల హడావుడి నడుస్తోంది. ఈ అమ్మాయి కోసం జనం ఎగబడుతున్నారని, పైగా ఉర్దూ చక్కగా మాట్లాడుతుందని ఆయనకి ఎవరో చెప్పారు. కబురు పెట్టి కలిశారు, కొన్నాళ్లకి బొంబాయి పిలిపించారు. జరిగింది ఇదీ. జనం అప్పటికే నెత్తిన పెట్టుకున్న నటిని ఒక తెలివైన నిర్మాత ఎంచుకున్నాడు. ఆయన చూపుకి దణ్ణం పెట్టొచ్చు. దానికి ‘కనిపెట్టడం’ అనే పేరు మాత్రం వద్దు.

అసలు చెప్పుకోవాల్సింది ఒప్పందం సంగతి. నాకు ఆవిడ మీద గౌరవం అక్కణ్నుంచే మొదలవుతుంది. వయసు 17. మైనరు కాబట్టి సంతకం పెట్టాల్సింది అమ్మ. గురుదత్ సంస్థతో మూడేళ్ల ఒప్పందం. ఆవిడ మొదటి హిందీ సినిమా ‘సి.ఐ.డి.’ దర్శకుడు రాజ్ ఖోస్లా పేరు మార్చుకోమన్నారు, మరీ పొడుగ్గా ఉందని. ఆ రోజుల్లో అది మామూలే. యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయ్యారు, ముంతాజ్ జెహాన్ మధుబాల అయ్యారు, మహజబీన్ మీనాకుమారి అయ్యారు. అంతంత పెద్దవాళ్లే మార్చుకున్నారని ఉదాహరణలు చూపిస్తుంటే ఈ పిల్ల, మా అమ్మానాన్న పెట్టిన పేరు మార్చుకోను అని తేల్చి చెప్పింది. అంతటితో వదల్లేదు, ఒప్పందంలో ఇంకో షరతు రాయించింది: దుస్తులు తనకి నచ్చకపోతే వేసుకోదు. చేతిలో ఇంకో హిందీ సినిమా లేదు, ఇంట్లో సంపాదించే మగదిక్కు లేదు. ఆ స్థితిలో రాయించిన షరతు అది!

షరతు రాయించుకోవడం ఒకెత్తు, సెట్లో నిలబెట్టుకోవడం ఒకెత్తు. ‘సి.ఐ.డి.’లోని ‘కహీఁ పే నిగాహేఁ’ పాటకి పల్చటి బ్లౌజు ఇచ్చారు. పైన దుపట్టా లేకపోతే చెయ్యనంది. షూటింగ్ ఆగింది. చివరికి దుపట్టా వచ్చింది. ఇప్పుడు ఆ పాట చూడండి. హీరో తప్పించుకోవడానికి విలన్‌ని మాటల్లో, చూపుల్లో పెట్టి నిలబెట్టే ఘట్టం. పనంతా కళ్లే చేస్తాయి, బట్టలు కాదు. ఆవిడ పట్టుదల వల్ల పాటకి మేలే జరిగింది.

గురుదత్‌కి దక్కాల్సింది ఆయనకివ్వాలి. ‘ప్యాసా’లో గులాబో పాత్ర, ఆ దగ్గరి షాట్లు, ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి వెలుగునీడలు లేకపోతే మనకి ఈ వహీదా ఉండేవారు కాదు. ‘కాగజ్ కే ఫూల్’ (1959)లోని ‘వక్త్ నే కియా’ పాటలో ఖాళీ స్టూడియో పైనుంచి దిగే వెలుగు స్తంభం ఉందే, అది స్టూడియో లైటు కాదు. బయటి ఎండని పెద్ద అద్దంతో పట్టి లోపల ఇంకో అద్దం మీదికి మళ్లించి కిందికి దింపారు మూర్తి. ఒక చిన్న హెచ్చరిక: అది భారతదేశపు మొదటి సినిమాస్కోప్ చిత్రం, బాగా వెడల్పాటి తెర. పాత టీవీ కొలతకి అటూ ఇటూ కోసేసిన కాపీలో చూస్తే గురుదత్, వహీదా ఇద్దరి మధ్య ఉన్న ఖాళీ పోతుంది. ఆ ఖాళీయే ఆ పాట. తెర పైనా కిందా నల్లపట్టీలున్న కాపీయే వెతుక్కోండి. ‘చౌద్‌వీఁ కా చాంద్’ మరో ఇబ్బంది. సినిమా నలుపు తెలుపు, పేరు పాటని తర్వాత రంగుల్లో మళ్లీ తీశారు. రంగుల ఫిల్ముకి వెలుతురు చాలా ఎక్కువ కావాలి. ఆ లైట్ల వేడికి కళ్లు మండి ఎర్రబడేవి, ఐసు పెట్టుకుని మళ్లీ షాట్‌కి వచ్చేవారు. ఎంత మృదువుగా కనిపిస్తుందో, అంత మొరటు శ్రమ.

ఇద్దరూ కలిసి చేసిన చివరి సినిమా 1962లో ‘సాహిబ్ బీబీ ఔర్ గులామ్’. ‘కనిపెట్టిన’ వాదం నిజమైతే ఆ తర్వాత ఆవిడ వాడిపోవాలి కదా? అదే ఏడాది సత్యజిత్ రాయ్ ‘అభిజాన్’లో ఉన్నారు. 1965లో ‘గైడ్’. భర్తని వదిలి వెళ్లే రోజీ పాత్ర ఒప్పుకుంటే కెరీర్ ముగిసినట్టేనని చాలామంది భయపెట్టారు. ఆ పాత్రకే ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటి అయ్యారు.

‘గైడ్’ అంటే అందరూ ‘పియా తోసే’ పాట దగ్గరికి పోతారు. నన్నడిగితే మాటా పాటా లేని పాము నాట్యం ముందు చూడమంటాను. రోజీ మొదట పక్కన నిలబడి చూస్తుంది. కాలు కదలాలా వద్దా అని ఒక తటపటాయింపు. ఆ తర్వాత ఒళ్లు వదిలేస్తుంది. సభకి కట్టిన నాట్యం కాదది, మొగుడు మాన్పించిన విద్య ఒంట్లోంచి తన్నుకొచ్చిన తీరు. అందుకే చివర్లో అందంగా ముగించరు, అలిసిపోయి ముగిస్తారు. నాట్యం రాని నటి ఆ సన్నివేశం చేస్తే ఊగిపోవడం మాత్రమే మిగులుతుంది. నాట్యం మాత్రమే వచ్చిన నటి చేస్తే కచేరీ అయిపోతుంది.

మరుసటి ఏడు ‘తీస్రీ కసమ్’లో హీరాబాయి. అది నౌటంకీ, పల్లె మేళం. అక్కడ భరతనాట్యపు కొలతలన్నీ దాచేశారు, అడుగులో కావాలనే కొంచెం బరుకుతనం పెట్టారు. ‘గైడ్’ నాట్యం, ఇదీ ఒకే రోజు వరసగా చూస్తే తెలుస్తుంది తేడా. ఆ తర్వాత ‘ఖామోషీ’లో నాట్యమే లేదు, రంగులూ లేవు, నర్సు యూనిఫారం, మొహం. 1971 ‘రేష్మా ఔర్ షేరా’కి జాతీయ ఉత్తమ నటి. డబ్బులు రాలేదు సినిమాకి, అది వేరే సంగతి.

ఒక్క నిర్ణయం మాత్రం దెబ్బ తీసింది. 1973లో ‘ఫాగున్’లో జయా బాధురికి తల్లిగా చేశారు. పాత్ర మంచిదే. కానీ బొంబాయి లెక్క వేరు. ఒక్కసారి తల్లివైతే ఇక తల్లివే. 1976లో ‘అదాలత్’లో అమితాబ్‌కి భార్య, రెండేళ్లకి ‘త్రిశూల్’లో అదే అమితాబ్‌కి తల్లి! ఆవిడ తప్పు కాదిది, ముప్పై అయిదు దాటిన నటికి కథలు రాయడం రాని పరిశ్రమ తప్పు. 1974లో కమల్‌జీత్‌ని పెళ్లి చేసుకుని బెంగళూరు వెళ్లడంతో సినిమాలూ తగ్గాయి.

మనవాళ్లతో బంధం మాత్రం తెగలేదు. 1967లో దిలీప్ కుమార్ ‘రామ్ ఔర్ శ్యామ్’ మన ‘రాముడు భీముడు’కి హిందీ. నిర్మాత నాగిరెడ్డి, దర్శకుడు తాపీ చాణక్య, కథానాయిక వహీదా. ‘రోజులు మారాయి’లో ఒక్క పాటకి పిలిచిన దర్శకుడే పన్నెండేళ్లకి ఆవిడని దిలీప్ పక్కన కథానాయికని చేశాడు. ఈ సంగతి ఎవరూ చెప్పుకోరు. అక్కినేనితో ‘బంగారు కలలు’, కృష్ణతో ‘సింహాసనం’, 2006లో ‘చుక్కల్లో చంద్రుడు’ కూడా చేశారు.

ఇంకొకటి. ‘ఏరువాక’ బాణీని ఎస్.డి. బర్మన్ 1960లో ‘బంబై కా బాబూ’లో ‘దేఖ్‌నే మేఁ భోలా హై’గా వాడారు. దాని దర్శకుడు పేరు మార్చుకోమన్న ఆ రాజ్ ఖోస్లాయే. హిందీ అభిమానులు ఆ పాట పెట్టినప్పుడల్లా కింద మాస్టర్ వేణు పేరు రాయండి. మన పాట మీరు పెడితే కొసరాజు, వేణు, జిక్కి పేర్ల పక్కన నాట్యం: వహీదా రెహ్మాన్ అని కూడా రాయండి. పేరు పొడుగే. కుదించకండి.