ఇండియా పేల్ ఏల్ గారికి, స్పెయిన్ వెళ్ళబోతున్న ఒక ఇండియన్ రాసుకునే లేఖ

మహారాజశ్రీ ఇండియా పేల్ ఏల్ అనే చేదు బీరు గారి సముఖమునకు,

నమస్కారాలు. తమరు క్షేమమా అని అడగను. నిన్న శనివారం మధ్యాహ్నం రెండున్నర నుంచి అయిదింటి దాకా తమర్నే కదా చూస్తూ కూర్చున్నాను.

మంగళవారం తెల్లవారుజామున మాకు బార్సిలోనా ఫ్లైటు. వెళ్ళేముందు ఆ దేశం రుచి నాలుక్కి కాస్త తెలిస్తే మంచిదని, ఇక్కడ లండన్‌లో ఒక కొట్టువాళ్ళు పెట్టిన ‘ఆరు గ్లాసుల్లో స్పెయిన్’ బీరు టేస్టింగుకి మనిషికి ఇరవై ఎనిమిది పౌండ్లు పోసి వెళ్ళాం, నేనూ మా ఆవిడా. గ్లాసు సైజు గురించి మాట్లాడను. చిన్నప్పుడు దగ్గుమందు కూడా మా అమ్మ ఇంతకంటే ధారాళంగా పోసేది. మనిషికి నాలుగు ఆలివ్ కాయలు. పోనీండి.

మొదటి గ్లాసు ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ వాళ్ళది. పోసినతను అందులో ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని, “మామిడి, జామ, ప్యాషన్ ఫ్రూట్” అన్నాడు. మా ఆవిడది నూజివీడు. గ్లాసు వాసన చూసి, నావైపు చూసి, “మామిడిపండట” అంది. ఇంకేం అనలేదు.

అది మీరే. రెండోది కతలోనియాది, పిండి కలిపినట్టు మసగ్గా ఉంది. మీరే. మూడోది నవర్రా నుంచి. మీరే, కాకపోతే ఈసారి నేలవేము కషాయం వేషంలో. నాలుగోది మాద్రిద్ సరుకు, 8 శాతం, డబుల్ అన్నాడు. రెండింతలు మీరు. అయిదోది స్టౌటు అనే నల్లటి బీరు కాబట్టి కాస్త ఊపిరి పీల్చుకున్నాం.

ఇక ఆరోది. కాగితం మీద అచ్చేసి మరీ ఇచ్చారు, లాగర్ అని, అంటే మామూలు తేలికపాటి బీరు. అక్కడ జనం ఎండలో నిలబడి తాగేలాంటిది, చిన్న బ్రూవరీ వాళ్ళు శ్రద్ధగా చేసింది. నిజం చెప్తున్నా, మిగతా అయిదూ దాని కోసమే మింగాను. అతను చేతులు నలుపుకుంటూ వచ్చి, “లాగర్ నిన్ననే అయిపోయిందండీ, దాని బదులు ఒక స్పెషల్ తెచ్చాను” అన్నాడు. మూత తియ్యకముందే తెలిసిపోయింది ఎవరొచ్చారో.

రాత్రి మా బామ్మర్ది ఫోన్ చేశాడు. “స్పెయిన్ బీరు ఎలా ఉంది బావా?” అన్నాడు. జరిగింది చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. “అంటే లండన్ వెళ్ళి, స్పెయిన్ అని డబ్బులు కట్టి, ఇండియా తాగొచ్చావా?” అన్నాడు. వాడికి నేనేం సమాధానం చెప్పను?

ఆ ఇండియా అన్నా నిజమా? 18వ శతాబ్దం చివర్లో, ఇక్కడికి నాలుగు స్టేషన్ల అవతల బో అనే పేటలో హాడ్జ్‌సన్ గారి బ్రూవరీ నుంచి తమలాంటి లేత రంగు బీరు ఓడెక్కి వెళ్ళింది, కంపెనీ దొరల కోసం. నెలల తరబడి సముద్రం మీద పాడైపోకుండా హాప్స్, అదే బీరుకి చేదునిచ్చే పువ్వులు, దండిగా వేశారు. మా ముత్తాత తాటిచెట్టు కింద కల్లే తాగాడు. పేరు మాత్రం మాది పెట్టుకున్నారు. సరే, అప్పుడంటే ఓడ. ఇప్పుడు బార్సిలోనా నుంచి రెండు గంటల ఫ్లైటు. ఎవరిని కాపాడ్డానికి ఇంత చేదు?

పాపం, స్పెయిన్‌లో హాప్స్ పండవేమోనని జాలిపడి అడిగాను కూడా. పండుతాయి. లెయోన్ దగ్గర ఓర్బిగో నది ఒడ్డున, దేశం మొత్తంలో పండేదాంట్లో సింహభాగం అక్కడే. “మరి దీంట్లో?” అన్నాను. “సిట్రా, మొజాయిక్” అన్నాడు, కొడుక్కి అమెరికా వీసా వచ్చినంత గర్వంగా. రెండూ అమెరికా హాప్సే. ‘ఆర్తెసానా’, అంటే చేతిపనితో చేసింది, అని సీసా మీద రాసుకోవాలంటే మిషను కన్నా మనిషి చెయ్యి ముఖ్యంగా ఉండాలని 2016లో అక్కడి ప్రభుత్వం రూలు పెట్టింది. ఆ చేతిలో ఎవరి హాప్స్ ఉన్నాయో మాత్రం అడగలేదు.

అక్కడి బార్లలో కాన్యా అని ఒక గ్లాసు బీరు పోస్తారు. అదీ చిన్న గ్లాసే, దాదాపు 200 మిల్లీలీటర్లు. వేడెక్కేలోపు ఖాళీ చేసి ఇంకోటి చెప్పుకోవడానికి అది. గ్రనాదాలో అయితే గ్లాసుతోపాటు తినడానికో ప్లేటు ఊరికే ఇస్తారు, ఆలివ్ కాయలు లెక్కపెట్టుకోనక్కర్లేదు. ఆ బీరూ అక్కడ పుట్టిందేం కాదు లెండి. డామ్ బీరు కంపెనీ పెట్టినాయన ఇప్పటి ఫ్రాన్స్‌లోని అల్సాస్ నుంచి వచ్చి 1876లో బార్సిలోనాలో మొదలుపెట్టాడు. సాన్ మిగెల్ బీరు పుట్టిందే మనీలాలో, 1890లో. కానీ వాళ్ళు వచ్చి ఆ ఊరివాళ్ళయ్యారు. ఆ ఎండకీ, ఆ వేయించిన చేపలకీ సర్దుకున్నారు. మీకేం రోగం? ఎక్కడికెళ్ళినా అదే మొహం, అదే మామిడిపండు కబుర్లు! పోయినేడు గచ్చిబౌలి వెళ్తే అక్కడా మీరే! మనిషి ఒక్క శనివారం, ఒక్క గ్లాసు మామూలు బీరు తాగకూడదా? తాగనివ్వరా?

క్షమించాలి. గొంతు పెరిగింది.

ఇంకో సంగతి, ఇది మన మధ్యే ఉండాలి. వచ్చేటప్పుడు పది శాతం తగ్గింపన్నారని ఒక డబ్బా కొన్నాను. లాగర్ లేదు కదా, మీరే దొరికారు. రాత్రి మా ఆవిడ మిరపకాయ బజ్జీలు వేసింది, లోపల వామూ చింతపండూ కూరి. రెండో బజ్జీ తర్వాత డబ్బా తీశాను. ఆ నూనె మీద, ఆ కారం మీద మీ చేదు వచ్చి పడింది చూడండీ...

“ఎలా ఉంది?” అంది మా ఆవిడ.

“చేదు,” అన్నాను.

ఆవిడ నా చేతిలోంచి డబ్బా తీసుకుని ఒక గుక్క తాగింది. తిరిగివ్వలేదు.

మంగళవారం నుంచి వారం రోజులు మాత్రం దయచేసి మా కంటపడకండి.

ఇట్లు,
తమ పేరింటివాడు