నీళ్ళు మండవు బామ్మర్దీ

తడి చెత్తను డ్రమ్ములో కాల్చమనే వాట్సాప్ మెసేజ్ ఒకటి మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో మూడుసార్లు వచ్చింది. కాలనీ గ్రూపులో రెండుసార్లు వచ్చింది. మొన్న ఆదివారం మా బామ్మర్ది విడిగా పంపించి, "బావా, నువ్వు బాయిలర్ల మనిషివి గదా, చూసి చెప్పు, మన ఇంటి దగ్గర కూడా చేద్దాం" అన్నాడు. సరే, చెప్తా. కానీ ఒక్కసారే చెప్తా. మళ్ళీ ఎవరు పంపినా ఇదే పంపుతా.

మెసేజ్ చదవని అదృష్టవంతుల కోసం దాని సారాంశం. 200 లీటర్ల పాత డ్రమ్ము తీసుకోవాలి. అడుగున ఇనుప కమ్ములు, పక్కన గాలికి రెండంగుళాల పైపు, పైన పొగగొట్టం పెట్టాలి. ఖర్చు నాలుగు వేలు. తడి చెత్త ఎంత ఉన్నా వేసి నిప్పు పెడితే చాలు, డీజిల్ వద్దు, కరెంటు వద్దు, పొగ రాదు. చెత్తలోని నీళ్ళే హైడ్రోజన్‌గా మారి మండుతాయి కాబట్టి "ఎంత తడిగా ఉంటే అంత మంచిది". మంట తగ్గితే ఫ్లెక్సీ ముక్కలో పాత చెప్పులో వేయాలి, ఆ పొగకు దోమలు కూడా పోతాయి. బూడిద మొక్కలకు ఎరువు. వేసే ముందురాత్రి చెత్తను గోనెసంచిలో కట్టి బరువు పెట్టాలి. స్వీడన్ ఇలాగే చెత్త లేని దేశమైంది. నాసా మెచ్చుకుంది. మున్సిపాలిటీలు దీన్ని దాచిపెడుతున్నాయి. కింద ఒక ఫోటో ఉంది. అందులో డ్రమ్ము మీద మసి చుక్క కూడా లేదు.

నాసా సంగతి నేను మాట్లాడను. దాచిపెట్టడం సంగతి కూడా అంతే. డ్రమ్ముకు తూట్లు పెట్టడం దాచాల్సినంత విద్య కాదు.

ముందు నీళ్ళ దగ్గరికి వద్దాం. మెసేజ్ మొత్తం దాని మీదే నిలబడింది.

నేను హన్మకొండ పక్కన ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో పద్దెనిమిదేళ్ళు బాయిలర్ దగ్గర పనిచేశాను. మేం కాల్చేది ఊక. మిల్లులోంచి వచ్చిన ఊకలో తేమ పది శాతం దగ్గర ఉంటుంది, కిలోకు మూడు వేల కిలోకేలరీల పైనే వేడి వస్తుంది. ఒక ఆగస్టు రాత్రి గాలివానకు ఊక కుప్ప మీది తాడిపత్రి లేచిపోయింది. పొద్దున షిఫ్టులో అదే తడి ఊక ఎత్తి వేశాం. అరగంటలో స్టీము ప్రెషర్ గేజి ముల్లు ఎనిమిది నుంచి నాలుగుకు పడింది. చిమ్నీలోంచి ముందు తెల్లగా, తర్వాత పసుప్పచ్చగా పొగ లేచింది. ఫర్నేస్ తలుపు తీస్తే మంట లేదు. కమ్ముల మీద ఊక నల్లగా ముద్దలు కట్టి బుసబుసలాడుతోంది. వడ్ల ట్యాంకులకు స్టీము ఆగిపోయింది, ఓనరు ఫోన్ల మీద ఫోన్లు. మా ఫైర్‌మన్ చాచా పార పక్కకు పెట్టి, బీడీ ముట్టించుకుని అన్నాడు: "తమ్మీ, నిప్పుకు నీళ్ళు తాగబెడితే అదేం పనిజేస్తది?"

అది ఊక. వానకు తడిసిన ఊక. ఇంట్లో కూరగాయల తొక్కు, పాచిపోయిన అన్నం, పుచ్చకాయ బెరడు, టీ పిప్పి కలిపిన చెత్తలో బరువుకు ముప్పావు వంతు నీళ్ళే. ఇప్పుడు లెక్క వేద్దాం, కాగితం మీద మీరే వేసి చూసుకోండి.

పది కిలోల చెత్త. అందులో ఏడున్నర కిలోల నీళ్ళు, రెండున్నర కిలోల అసలు సరుకు. ఎండిన సరుకు కిలోకు నాలుగు వేల కిలోకేలరీలు ఇస్తుందనుకుందాం, మొత్తం పది వేలు. ఇది ఆదాయం. ఖర్చు చూడండి. కిలో నీళ్ళను ముప్పై డిగ్రీల నుంచి నూరుకు తేవడానికి 70, ఆవిరి చేయడానికి 540. అంటే 610 చొప్పున ఏడున్నర కిలోలకు 4,575. "ఇంకా సగం పైనే మిగిలింది కదా" అంటారు. ఆగండి. ఆ ఆవిరి నూరు డిగ్రీల దగ్గర కూర్చుంటే మంట ఆరిపోతుంది. కంపు కొట్టకుండా, పొగ రాకుండా పూర్తిగా కాలాలంటే కనీసం 850 డిగ్రీలు కావాలి. ఆవిరిని అక్కడికి తీసుకుపోవడానికి ఇంకో 2,900 దాకా. మిగిలింది రెండున్నర వేలు. ఆ సరుకు మండడానికి తక్కువలో తక్కువ పదమూడు, పద్నాలుగు కిలోల గాలి కావాలి. ఆ గాలినీ 850కి వేడి చేయాలి, దానికి మూడు వేలు. ఇక్కడికే అప్పులో పడ్డాం. నిజానికి తక్కువలో తక్కువ గాలితో ఏ చెత్తా సరిగ్గా కాలదు, రెట్టింపు పోయాల్సిందే. ఇటుక లైనింగ్ లేని రేకు డ్రమ్ము చుట్టూ పోయే వేడి వేరే. దాన్ని నేను లెక్కలో కలపనే లేదు, జాలిపడి.

మరి హైడ్రోజన్? ఇందులో ఒక చిటికెడు నిజం ఉంది. దానివల్లే ఈ మెసేజ్ చదువుకున్నవాళ్ళను కూడా ముంచింది. ఎర్రగా కాలుతున్న బొగ్గు మీద ఆవిరి పంపితే హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. వాటర్ గ్యాస్ అని పాతకాలంలో ఊళ్ళ దీపాలకు కూడా వాడారు. కానీ నీళ్ళను విడగొట్టడానికి వేడి పట్టుకుపోతుంది, ఆ హైడ్రోజన్ మళ్ళీ మండినప్పుడు వచ్చేది అదే వేడి. ఈ జేబులో తీసి ఆ జేబులో వేసుకోవడమే, మధ్యలో కొంత కింద పడిపోతుంది. నీళ్ళలోంచి ఉత్తపుణ్యానికి మంట వచ్చేదుంటే మా ఓనరు ఊక కుప్ప మీద తాడిపత్రి ఎందుకు కప్పించేవాడు? పైపుతో నీళ్ళు కొట్టించేవాడు.

ఇదంతా కొత్తగా తెలిసిన విషయమూ కాదు. ఢిల్లీలో తిమార్‌పూర్ అని ఉంది. 1987లో డెన్మార్క్ సాంకేతికతతో రోజుకు 300 టన్నుల చెత్త కాల్చి 3.75 మెగావాట్ల కరెంటు తీసే ఇన్సినరేటర్ కట్టారు. డ్రమ్ము కాదది, ఇంజనీర్లు కట్టిన ప్లాంటు. డిజైన్‌కు కిలోకు 1,400 పైచిలుకు కిలోకేలరీల చెత్త కావాలి, వచ్చిన చెత్తలో దాంట్లో సగం కూడా లేదు. మన దేశపు చెత్త మరి, తడి, మట్టి, బూడిద. మూడు వారాలు నడిచి మూతపడింది. పెద్ద ప్లాంటు వల్ల కానిది నాలుగు వేల డ్రమ్ము వల్ల అవుతుందని చెప్పడానికి గుండె ధైర్యం కావాలి.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించిన మాట దగ్గరికి వద్దాం. "మంట తగ్గితే ఫ్లెక్సీ ముక్కలు వేయండి."

మంట తగ్గుతుందని వాళ్ళకూ తెలుసన్నమాట! నీళ్ళే మండుతాయన్న మెసేజ్ నాలుగు లైన్ల తర్వాత ప్లాస్టిక్ అడుగుతోంది. ఆ డ్రమ్ములో మండేది చెత్త కాదు, ఫ్లెక్సీ. చెత్త దాని మీద ఉడుకుతుంది.

ఫ్లెక్సీ అంటే పీవీసీ అనే ప్లాస్టిక్ పూత. పీవీసీ బరువులో సగానికి పైగా క్లోరిన్. తడి చెత్తతో కలిపి తక్కువ వేడిలో కాల్చితే హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరి వస్తుంది. గొంతు మండేది దానికే. దాంతోపాటు డయాక్సిన్లనే విష రసాయనాలు వస్తాయి. వాటికి వాసన లేదు, కళ్ళు మండవు, అందుకే ఎవరికీ పట్టదు. 200 నుంచి 450 డిగ్రీల మధ్య పొగ నెమ్మదిగా చల్లారే చోట అవి తయారవుతాయి. డ్రమ్ము పొగగొట్టం అంటే సరిగ్గా అదే. వాటిలో అన్నిటికంటే విషమైనదాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వరుసలో పెట్టింది. మసితో కలిసి గడ్డి మీద పడతాయి, గడ్డి బర్రె తింటుంది, పాల వెన్నలోకి చేరతాయి. మా కాలనీ వెనక ఖాళీ ప్లాట్లలో మేసే బర్రెల పాలే మేం పొద్దున పోయించుకునేది.

అమెరికాలో పల్లెల ఇళ్ళ వెనక ఇలాంటి డ్రమ్ముల్లోనే చెత్త కాల్చేవాళ్ళు. పెద్ద ఇన్సినరేటర్లకు కట్టడి చేశాక అక్కడి పర్యావరణ సంస్థ లెక్క తీస్తే, దేశంలో డయాక్సిన్ ఎక్కువగా వదిలేది ఫ్యాక్టరీలు కాదు, ఈ పెరటి డ్రమ్ములే అని తేలింది. మనం దాన్నే కొత్త ఆవిష్కరణ అని ఫార్వర్డ్ చేసుకుంటున్నాం.

దోమలు పోతాయట. పోతాయి. డ్రమ్ము పక్కన కూర్చున్న తాత కూడా పోతాడు, కొంచెం ఆలస్యంగా.

పైగా బయట చెత్త కాల్చితే 5,000, పెద్ద మొత్తంలో అయితే 25,000 జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. డ్రమ్ముకు మూత పెట్టినంత మాత్రాన ఇన్సినరేటర్ అయిపోదు. ఘన వ్యర్థాల మీద 2016లో వచ్చిన నిబంధనల్లోనే ఇలా ఉండేది. కాల్చడానికి రెండు చాంబర్లు ఉంటే, రెండోదాంట్లో 950 డిగ్రీలు ఉండాలి, పొగ అందులో రెండు సెకన్లయినా నిలవాలి. రెండో చాంబరంటే మొదటిదాంట్లో సగం కాలిన పొగను మళ్ళీ కాల్చే గది. దానికి డీజిల్ బర్నరో గ్యాస్ బర్నరో తప్పదు. మన ఫోటోలో డ్రమ్ముకు రెండో గది లేదు. మొదటి గది కూడా ఉందని గట్టిగా చెప్పలేం.

బూడిద సంగతి ఒక్క ముక్క. బోళ్లు తోముకునే కట్టెల బూడిద వేరు, ఫ్లెక్సీ రంగులు కాలిన బూడిద వేరు. రెండోదాన్ని తోటకూర మడిలో వేసుకుని తినే ధైర్యం ఉన్నవాళ్ళు తినండి.

స్వీడన్. అక్కడ కాల్చిన వేడిని పైపుల్లో ఇళ్ళకు పంపి గదులు వెచ్చబెట్టుకుంటారు. మే నెలలో హన్మకొండలో ఆ పైపు ఎవరింటికి వేయాలో చెప్పండి, మా బామ్మర్ది ఇంటికి వేయిద్దాం. ఇంకో మాట, స్వీడన్‌లో అన్నం, కూరల చెత్తను పొయ్యిలో వెయ్యమనరు. దాన్ని వేరుగా తీసి బయోగ్యాస్‌కు పంపుతారు, 2024 నుంచి ఇళ్ళలో వేరు చేయడం తప్పనిసరి కూడా చేశారు. అంత దూరం ఎందుకు, హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్‌లో కూరగాయల చెత్తతో గ్యాస్, కరెంటు తీశారు. తడి సరుకును పురుగులకు, బ్యాక్టీరియాకు వదిలేస్తే వాటికి నీళ్ళంటే ఇష్టం. నిప్పుకు కాదు. హైదరాబాద్ పక్కన జవహర్‌నగర్‌లో చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటు ఉంది కదా అంటారు. ఉంది. అక్కడ ముందు జల్లించి, తడి తగ్గించి, మండే సరుకు వేరు చేసి పొయ్యిలో పెడతారు. లారీలోంచి తీసుకుపోయి నేరుగా పొయ్యరు.

ఇంతదాకా తిట్టాను కాబట్టి ఒక మాట ఒప్పుకోవాలి. గోనెసంచి మాట నిజం. ముందురాత్రి కట్టి బరువు పెట్టమన్నాడు చూడండి, ఆ మెసేజ్ రాసినవాడెవడో ఎప్పుడో ఒక పొయ్యి దగ్గర నిలబడ్డవాడే. పిండేసిన కిలో నీళ్ళకు ఖర్చు సున్నా, అదే కిలోను పొయ్యిలో ఆవిరి చేయడానికి 610. తడి చెత్తకు ఇన్సినరేటర్ డిజైన్ చేసే ఏ ఇంజనీరైనా మొదట ఆలోచించేది ఇదే. ముందు నీళ్ళు ఓడ్చాలి. లోపలికి వచ్చిన సరుకును నిప్పు మీద కాకుండా వాలుగా ఉన్న కమ్ముల మీద మొదట ఆరనివ్వాలి. పైన వేడికి తట్టుకునే ఫైర్ బ్రిక్ ఇటుకలతో ఆర్చి కట్టి దాని వేడి సరుకు మీదికి కొట్టేలా చూడాలి. పోయే పొగ వేడితో లోపలికి వచ్చే గాలిని కాచాలి. మా చాచా కూడా తడి ఊక రోజున చేసింది అదే. తలుపు దగ్గర పలచగా పరిచి, ఆరాక లోపలికి నెట్టాడు. మధ్యాహ్నానికి ముల్లు మళ్ళీ ఏడుకు వచ్చింది.

ఇంకోటి కూడా ఒప్పుకుంటా, ఇది గ్రూపులో అడిగిన ఒక చెల్లె కోసం. పిల్లల డైపర్లు, ప్యాడ్లు ఏం చేయాలి అని అడిగింది. అవి ఎరువు కావు, గ్యాస్ కావు. వాటికి మంటే సరైన దారి. కానీ రెండు చాంబర్లు, బర్నరు, ఎత్తైన చిమ్నీ ఉన్న మంట. ఊరికి ఒకటుంటే చాలు, ఇంటికొకటి అక్కర్లేదు.

మా కాలనీలో ఆ డ్రమ్ము నిజంగానే చేయించారు, చెప్పలేదు కదూ. వెల్డింగ్ షాపులో నాలుగు వేలన్నది పదకొండు వేలైంది. ఒక ఆదివారం కొబ్బరికాయ కొట్టి ముట్టించారు. గంటన్నర పొగ. ఎదురింటి అత్తమ్మ ఆరేసిన ఒడియాలు మళ్ళీ లోపలికి తెచ్చుకుంది, అవి ఇప్పటికీ రబ్బరు వాసనే. మూడో వారం నుంచి డ్రమ్ము పార్కు మూలన తుప్పు పడుతోంది. మొన్న దానికి పక్కల నిండా తూట్లు పెట్టించి, ఎండుటాకులు, కూరగాయల తొక్కు వరసలు వరసలుగా వేశాం. నిన్న లోపలికి మిల్లు నాటి థర్మామీటరు దింపితే 58 డిగ్రీలు చూపించింది. బామ్మర్దిని పిలిచి చెయ్యి పెట్టి చూడమన్నా. "కాలుతుంది బావా" అని తీసేశాడు.