చచ్చిన బండి అందం

మా ఒంగోలు చుట్టుపక్కల ఏ ఊరికెళ్లినా మెకానిక్ షెడ్డు పక్కనో, ఏదో ఆఫీసు వెనకో ఒక చచ్చిన బండి ఉంటుంది. టైర్లు పోయి, అద్దాలు పోయి, బానెట్ సందులోంచి సర్కారు తుమ్మ మొలిచి. చూసినవాళ్లంతా "ఈ దరిద్రాన్ని ఎప్పుడు తీస్తారో" అంటారు. నాకైతే ఆ వీధిలో తీరిగ్గా నిలబడి చూడదగ్గది అదొక్కటే. నవ్వుకోండి, పర్లేదు.

తుప్పులో కూడా తేడాలున్నాయండీ. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రపు ఊళ్లలో తేమకి ఉప్పుగాలి తోడై ఇనుముని త్వరగా తినేస్తుంది. తలుపుల అడుగున, నీళ్లు నిలిచే మూలల్లో మొదలవుతుంది. ఇనుము తుప్పయితే ఉబ్బుతుంది, దాంతో పైనున్న రంగు పొక్కులు పొక్కులుగా లేస్తుంది. గోటితో గిల్లితే పెచ్చు ఊడి లోపల పసుపు, ఇటుక రంగు, కాఫీపొడి రంగు పొరలు. అదే పొదిలి వైపు మెట్టకి పోతే వానే తక్కువ. ఎండకి రంగు వెలిసి సున్నంలా చేతికి అంటుతుంది గానీ, రేకు ఏళ్ల తరబడి నిలబడుతుంది.

ఇక అంబాసిడర్. 2014లోనే తయారీ ఆగిపోయింది, అయినా సగం మట్టిలో కూరుకుపోయిన దాన్ని కూడా ఆ గుండ్రటి మొహం చూసి గుర్తుపడతాం. నంబరు ప్లేటు మీద ఏపీ 27 మిగిలుంటే ఇంకా ముచ్చట. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 అయ్యాక ఏది మన జిల్లా బండో తెలిసి చావట్లేదు. అలాంటి కారుకి తళతళలాడే తెల్లరంగేసి, బంతిపూలు చుట్టి ప్రీవెడ్డింగ్ షూట్లకి అద్దెకిస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

దోమలంటారా, నిజమే. పాత టైర్లలో నీళ్లు నిలిస్తే డెంగీ దోమ పెరుగుతుంది. టైర్లు తీసెయ్యండి, నేనూ ఓ చెయ్యేస్తా. దారికి అడ్డమైతే పక్కకి జరపండి. పోలీస్ స్టేషన్ల ముందు గుట్టపోసిన కేసుల బండ్లని మాత్రం ఈ లెక్కలో కలపను. వాటిలో ఎవరి బతుకుతెరువో ఇరుక్కుపోయి ఉంటుంది, అక్కడ నాకు అందం కనపడదు.

15 ఏళ్లు దాటిన ప్రభుత్వ బండ్లకి 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ లేదు. ఆఫీసు ఆవరణల్లో చెట్టు కింద పడున్న జీపులన్నీ తుక్కుకి పోవాల్సినవే. పొగ, ప్రమాదాలు ఆలోచిస్తే ఆ రూలు తప్పనను. మీ ఊళ్లో అలాంటిదుంటే కాటా ఎక్కించకముందే ఒక ఫోటో తీసి పంపండి. సాయంత్రం ఎండలో తియ్యండి. ఫిల్టర్లు మాత్రం వెయ్యొద్దు.